మూడో చెలమ

అనగనగా సముద్రం నడుమ ఒక చిన్న దీవి, బంగారూ. అక్కడ ఏరూ లేదు, కొండా లేదు, అంతా ఇసకే. కానీ ఆ ఇసకలో కొన్నిచోట్ల మోకాలి లోతు గుంట తీస్తే చాలు, తియ్యటి నీళ్ళు ఊరేవి. ఆ గుంటనే చెలమ అంటారు. దీవిలో మూడంటే మూడు చెలమలు. నలభై ఇళ్ళ జాలర్లకి అవే ప్రాణం.

ఆ దీవి అందం చూడ్డానికి పట్నం వాళ్ళు పడవల నిండా రావడం మొదలెట్టారు. అప్పుడు ఎల్లాజీ అనే జాలరి వలలు మూల పడేసి, లాడ్జి కట్టాడు. వచ్చినవాళ్ళకి సముద్రంలో దిగేముందు ఒక స్నానం, దిగొచ్చాక ఒక స్నానం, అన్నానికి ముందు ఇంకో స్నానం.

నీళ్ళు చాల్లేదు. అప్పుడు ఎల్లాజీ మొదటి చెలమని నిలువు లోతు తవ్వించాడు. మూడు రోజులు బోలెడు నీళ్ళు, నాలుగో రోజు ఉప్పు. ఆ తర్వాత రెండో చెలమని ఇంకా లోతు తవ్వించి, మోటారు పెట్టాడు. సాయంత్రానికే ఉప్పు. కూరలో ఉప్పేసే పని తప్పింది.

ఇక మిగిలింది మూడోది. అదీ పోతే అందరూ ఇళ్ళొదిలి పడవెక్కాల్సిందే.

ఒక పొద్దున్న ఎల్లాజీ మోటారు మోయించుకుని మూడో చెలమకి బయల్దేరాడు. వెనకాల అరవై మంది అతిథులు, చేతుల్లో ఖాళీ సీసాలు. అక్కడ గట్టు మీద కూచునుంది నూకరత్నం, ఎల్లాజీకి మరదలు. చేతిలో కొబ్బరిచిప్ప.

"లెగు రత్నం. జనం దాహంతో ఉన్నారు."

"లెగను బావా. వీళ్ళకన్నా నీ మోటారుకి దాహం ఎక్కువ."

"అయితే ఇంతమందికీ ఆ చిప్పతో పోస్తావేటి?"

"పోస్తాను. మిట్టమధ్యాహ్నానికి ఒక్కరికి అందకపోయినా, నీ మోటారు నేనే చెలమలోకి దింపుతాను."

అప్పుడు నూకరత్నం అతిథుల వైపు తిరిగింది. "ఇసకలో ఇంకిన వాననీళ్ళు ఉప్పునీటి మీద తేలతాయి, పాల మీద మీగడలాగ. మీగడ కోసం గిన్నె అడుగు గీకుతామా? గుంట లోతు పెరక్కూడదు, గుంటలు పెరగాలి. ఈ చెలమ చుట్టూ తవ్వండి. మోకాలి లోతే."

ఈ ముక్క గుర్తుపెట్టుకో బంగారూ, నేను మర్చిపోతే నువ్వే చెప్పాలి.

ఇంకేముంది, ఒకరు పళ్ళెంతో, ఒకరు మూతతో, ఒకావిడ గాజులు పైకి తోసుకుని ఉత్త చేతుల్తో. తవ్వినచోటల్లా తడి, తడిలో ఒక చుక్క, చుక్క పక్కన చుక్క. ఇదిగో మాకు నీళ్ళు, ఇదిగో మాకూ నీళ్ళు అని ఒకటే కేకలు. పది గుంటలు, ఇరవై, ముప్ఫై. ఒక పెద్దమనిషి ఆత్రంకొద్దీ నడుం లోతు తవ్వేసి, రుచి చూసి మొహం చిట్లించాడు. "పూడ్చెయ్ బాబూ, పూడ్చెయ్" అంది నూకరత్నం.

ఆ తర్వాత పైట చెంగుతో వడకట్టి, చిప్ప చిప్ప చొప్పున అందరికీ పోసింది. సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి అరవై మందీ తాగేశారు. ఎల్లాజీ ఒక్కడే మిగిలాడు.

చెలమ పక్కన కూలబడి, చిప్ప ఎత్తి తాగాడు. తియ్యగా, చల్లగా ఉన్నాయి. మోటారు మోసుకొచ్చినవాళ్ళ వైపు చూసి, "దాన్ని పడవలో పెట్టండ్రా" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ చిప్ప ముంచబోయాడు.

నూకరత్నం చెయ్యి పట్టుకుంది. "ఆగు బావా. నీ వంతయింది. ఇప్పుడు చెలమ వంతు."

అరవై మందీ, వాళ్ళతోపాటు ఎల్లాజీ, చుట్టూ కూచుని నీళ్ళు ఊరడం చూస్తూ ఉండిపోయారు.

కథేమో కంచికి, పడవేమో ఒడ్డుకి,
చెలమేమో నిద్దరికి, నువ్వేమో నా పక్కకి.