ఉలిమెట్ట రోటాలమ్మకు ముఖం ఎందుకు లేదు

ఈ చిన్న పుస్తకం కూర్చినవాడు అట్టమీద తన పేరును అమ్మవారి పేరు కన్నా ఒక్క పిసరు చిన్న అక్షరాల్లోనే వేయించుకున్నాడు. వినయమంటే అతనికి అంత పట్టింపు.

ఉలిమెట్టకు వచ్చే భక్తులు బస్సు దిగి, అరవై రెండు మెట్లెక్కి, గర్భగుడిలోకి తొంగిచూసి "విగ్రహం ఏదండీ?" అని అడుగుతారు. విగ్రహం లేదు. పసుపుతో నిగనిగలాడే నల్లరాతి రోలు ఉంది. ఆ రోలే రోటాలమ్మ తల్లి.

పూర్వం ఈ మెట్ట కింద అఘోరాచారి అనే స్థపతి ఉండేవాడు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళలో నిలబడిన అమ్మవార్లందరూ ఆయన వంశం చేతిలో పుట్టినవారే. ఆయన ఒక్కగానొక్క కొడుకు కంబాచారి. అతని చేతికి రాయి లొంగేది గాని ముఖం లొంగేది కాదు. రోలు తొలిస్తే మాత్రం, అందులో దంచిన గింజ ఒక్కటీ బయటికి ఎగిరేది కాదు. ఈ సంగతి ఊళ్ళో ఆడవాళ్ళకు తెలుసు. మగవాళ్ళు మాత్రం "స్థపతి కొడుకు రోళ్ళు చెక్కుకోవడమేమిటయ్యా" అని నవ్వేవారు.

ఒక ఏడు, ఉలిమెట్టకూ ఒక అమ్మవారు కావాలని ఊరు తీర్మానించింది. చైత్ర పున్నమికి ప్రతిష్ఠ. అఘోరాచారికి చూపు మందగించింది. ఆయన ఉలిని కొడుకు చేతికిచ్చి, "విగ్రహం నిలబెట్టు. లేదా ఈ ఇంట్లో ఉలి మోగడం ఇదే ఆఖరు" అన్నాడు. కంబాచారికి ఉలి లేకుండా బతకడం తెలియదు.

మొదటి రాయి ముక్కు దగ్గర పగిలింది. రెండోది పెదవి దగ్గర. పున్నమి ఇంకా నాలుగు రోజులుందనగా, మూడో రాయి కన్ను తెరిచే చోట పెచ్చు లేచిపోయింది. ఇక రాయి లేదు. ఎలాగూ ఇదే ఆఖరి పని గదా అని, కంబాచారి ఆ రాతిని వెల్లకిలా పడుకోబెట్టి నడుమ తొలవడం మొదలుపెట్టాడు. ముఖం చెక్కబోయినప్పుడల్లా వణికిన చెయ్యి ఇప్పుడు వణకలేదు. ఉలి చప్పుడు విని తండ్రి, అమ్మవారు తయారవుతోందని సంతోషించాడు.

పున్నమికి ముందురోజు మధ్యాహ్నం మేనత్త పేరమ్మ చేటతో వచ్చింది.

"ఒరే కంబయ్యా, రేపటి పసుపు దంచుతుంటే మా రోలు బీటిచ్చింది. నీ దగ్గరేమన్నా ఉందా?"

"ఉంది గాని అత్తా, అది అమ్మవారు కావలసింది."

"కాలేదుగా. జరుగు."

ఆమె కొమ్ములు పోసి దంచసాగింది. అదే సమయాన లోపల కునుకు తీస్తున్న అఘోరాచారికి కలలో, మోచేతుల దాకా పసుపు అంటిన ఒక ఇల్లాలు కనిపించింది. "పదకొండు ఊళ్ళలో నన్ను నిలబెట్టారు. కాళ్ళు పీకుతున్నాయి. ఇక్కడైనా కూర్చోనివ్వండి. వణకని చెయ్యి చేసిన దాంట్లో నేనున్నాను, లేచి చూసుకో" అంది.

ఆయన లేచి, రోకటి చప్పుడును బట్టి తడుముకుంటూ వచ్చి, రోటి లోపల చెయ్యి పెట్టి చుట్టూ తిప్పాడు. అంత నిండైన గుండ్రం ఆయన చేతికీ ఎన్నడూ రాలేదు. చేతికంటిన పసుపును నుదుట పెట్టుకుని, "దీన్ని మెట్ట ఎక్కించే మనుషులను చూడరా" అన్నాడు. మర్నాడు ముఖమేదని అడిగిన పెద్దలకు "కావలసినవాళ్ళు చెక్కుకోండి" అని జవాబు చెప్పాడు. ఉలి కంబాచారి చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత బతికినంతకాలం రోళ్ళే చెక్కాడు.

నేటికీ పిల్లల చదువు, పని, పెళ్ళి గురించి ఇంట్లో తగువులున్నవారు ఇక్కడికి వస్తారు. పెద్దలు తమ చేత్తో పసుపు కొమ్ములు రోట్లో వేయాలి, పిల్లలు మూడు పోట్లు దంచాలి. ఆపైన చివరి మెట్టు దిగేదాకా పిల్లలు చెప్పేది వినడమే గాని, పెద్దలు నోరు విప్పకూడదు. అలా దిగినవారి ఇళ్ళలో మనశ్శాంతి నిలుస్తుందని నమ్మకం.

ఈ పుస్తకం కూర్చినవాడూ తన కూతురిని తీసుకువచ్చాడు. లారీ ఇంజన్ల పని నేర్చుకుంటానని ఆ పిల్ల అరవై రెండు మెట్లూ చెప్పింది. అతను అంతా విన్నాడు. నేలమీద కాలు పెట్టగానే "అది సరే గాని, టీచర్ ట్రైనింగుకి..." అన్నాడు. అమ్మవారి దయవల్ల ఆ పిల్ల ఇప్పుడు మంచి మెకానిక్కు. మెట్లు దిగాక కూడా నోరు మూసుకోవడం మాత్రం అతను ఇంకా నేర్చుకోలేదు.