పడకరాయి దగ్గర కలపని కాఫీ

ఈ వృత్తాంతంలో ముందువెనుకలు ఎక్కడైనా తారుమారై ఉండవచ్చు. జరిగిన సంగతిలో మాత్రం సందేహం లేదు.

బెజవాడ వన్‌టౌన్‌లో ఆటోలు, పూలబుట్టలు, ఇడ్లీ బండ్లు ఒకదానినొకటి ఒరుసుకుంటూ సాగే దండలవారి వీధి మధ్యలో మాణిక్యమ్మ కాఫీ హోటల్ ఉన్నది. లోపల పొయ్యి పక్కనే, మోకాలెత్తు అరుగు మీద నల్లని పలకరాయి ఒకటి పవళించి ఉంటుంది. ఆయనే పడకరాయి స్వామి. ఆయనకు కొబ్బరికాయ కొట్టరు, హారతి ఇవ్వరు. ఆయన మీద వేడి కాఫీ గ్లాసు పెడతారు. కొత్తగా వచ్చిన భక్తులు ఇది చూసి నొచ్చుకోకుండా ఉండేందుకే ఈ కథ.

పూర్వం ఇక్కడ హోటల్ లేదు. ఒక సత్రపు చూరు కింద మాణిక్యమ్మ అనే ఒంటరి ఇల్లాలు బొగ్గుల పొయ్యి పెట్టుకుని కాఫీ అమ్మేది. ఆ పొయ్యి తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. పాలు పోసే పోతురాజు గేదెను అక్కడికే తోలుకొచ్చి ఎదుటే పితికి ఇచ్చేవాడు. కొన్నాళ్ళకు ఆ గేదె పొయ్యి పక్కన ఒకే చోట నిలబడి, ఎంత అదిలించినా కదలక, చేయి తగలకుండానే పాలు కార్చడం మొదలుపెట్టింది. పోతురాజు గునపంతో తవ్వగా రాయి బయటపడింది.

దేవుడు వెలిశాడని వీధి వీధంతా కదిలింది. పూలదండల వర్తకులు గవర్రాజు, కోటిలింగం గుడి కడతామని ముందుకు వచ్చారు. వారిద్దరూ బావామరదులు. ఒక పెళ్ళిపందిట్లో మాటా మాటా పెరిగి, ఏళ్ళ తరబడి పలకరింపులు లేవు. రాయిని నిలబెట్టాలంటే పొయ్యి తీసెయ్యవలసిందే. "దేవుడి ఎదుట ఎంగిలి గ్లాసులేమిటి?" అన్నాడు గవర్రాజు.

తెల్లవారుజామున మాణిక్యమ్మకు కల వచ్చింది. తన పీట మీద ఎవరో ముసలాయన కూర్చుని, "నన్ను నిలబెట్టవద్దు. పొయ్యి పక్కన వెచ్చగా పడుకోనియ్యి. నీ తొలి కాఫీ మాత్రం ఇద్దరికి పంచు" అన్నాడు.

ఆ మాట చెబితే అందరూ నవ్వారు. "నీ పొయ్యి పోతుందని దేవుడికే బెంగ పట్టుకుందా, మాణిక్యమ్మా? మా కలలోకి ఆయనకి దారి తెలియలేదా?" అన్నాడు గవర్రాజు. ఆమె బెంగ నిజమే. కల కూడా నిజమే.

ఇంతలో రాయి ఎటు తిరిగి ఉండాలన్న తగువు వచ్చింది.

"పోతురాజూ, దేవుడు తూర్పుకే చూడాలని ఆయనతో చెప్పు" అన్నాడు గవర్రాజు.

"తూర్పున ఉన్నది ఆయన కొట్టేనని నువ్వూ చెప్పు, పోతురాజూ" అన్నాడు కోటిలింగం.

"మీ అరుపులకి నా గేదె బెదిరిపోతోంది బాబూ!" అని పోతురాజు మొత్తుకున్నాడు.

బెదిరిన గేదె ఆ పూట ఒక్క కాఫీకి సరిపడా పాలే ఇచ్చింది. మాణిక్యమ్మ పంచదార వేసి, ఆ గొడవలో తిప్పడం మరిచిపోయి, పై సగం గిన్నెలోకి ఒంపింది. గిన్నె కోటిలింగానికి, గ్లాసు గవర్రాజుకు అంటూ రెండూ రాయి మీదే పెట్టేసింది. చూసినవారు చెంపలు వేసుకున్నారు. ఏ ఉపద్రవమూ రాలేదు.

కోటిలింగం ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. గవర్రాజు హాయిగా చప్పరిస్తున్నాడు. మాట చేరవేయడానికి పోతురాజు కోసం చూస్తే, అతడు గేదెను పట్టుకుని వీధి చివర ఉన్నాడు.

"బావా, పంచదారంతా నీ దగ్గరే ఉండిపోయింది. కాస్త ఇటు ఒంపు" అన్నాడు కోటిలింగం.

గవర్రాజు గ్లాసు అడుగున పేరుకున్న పంచదార చూసుకున్నాడు. తరువాత ఒంపాడు. "చిన్నప్పటినుంచీ నీకు తీపి యావ ఎక్కువే" అన్నాడు.

ఆ రాయిని నిలబెట్టే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, పొయ్యినీ కదపలేదు. స్వామిని పడుకోబెట్టిన అరుగు కట్టించింది గవర్రాజే.

నేటికీ ఇక్కడ తొలి కాఫీలో చెంచా పెట్టరు. మాటలు మానుకున్న అన్నదమ్ములు, తోడికోడళ్ళు, స్నేహితులు పొద్దున్నే వచ్చి ఎదురెదురుగా కూర్చుంటారు. గిన్నె అందుకున్నవారు నోరు తెరిచి అడగాలి. గ్లాసు అందుకున్నవారు ఒంపాలి. అలా ఒంపుకున్నవారి మధ్య స్వామి మాటను నిలబెడతాడు, తాను మాత్రం పడుకునే ఉంటాడు.

సుభాషిణీ, అచ్చుకు ఇచ్చే ముందు ఇందులోని పేర్లు ఒకసారి సరిచూడమ్మా. అవి నాకంటే మీ పెదనాన్నకు బాగా తెలుసు. మీరిద్దరూ మాట్లాడుకోవడం లేదని నాకూ తెలుసు. వెళ్ళి అడుగు.