గంటకు వెల కట్టిన దివాను

ఇప్పలకోట ఓబళరాజుకు వారానికో వెర్రి పుట్టేది. ఆ వారం పుట్టిన వెర్రి, కోటలోంచి ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వకూడదని. ఎక్కించినవాడు దివాను సింగరయ్య.

"దేనికైనా వెల పుచ్చుకోవాలి ప్రభూ. కొన్నవాడికి ఉంటుంది, కొననివాడికి ఉండదు. అంతే!" అన్నాడు దివాను మీసం సవరించుకుంటూ. రాజుగారికి ఆ "అంతే" భలే నచ్చింది.

మూడింటికి వెల కట్టారు. కోట వంటశాల లడ్లు, వానాకాలం జ్వరాలకు వైద్యుడు కాచే చేదు కషాయం, బురుజు మీద పోలయ్య కొట్టే గంట.

పక్షం తిరిగింది. లడ్లు వేడి తగ్గకముందే చెల్లిపోతున్నాయి. కషాయం కాచింది కాచినట్టే గంగాళంలో ఉంది, ఊళ్లో జ్వరాలు మాత్రం ఇల్లిల్లూ తిరుగుతున్నాయి. ఇక గంటకైతే ఒక్కడూ వెల ఇవ్వలేదు. "మాకు దాంతో పనేమిటి? మేం వినడం లేదు" అన్నారు జనమంతా, ఆ గంట చొప్పునే మళ్లకు నీళ్ల వంతులు మార్చుకుంటూ.

"అయితే గంట ఎవరికీ అక్కర్లేదన్నమాట. రేపటినుంచి పోలయ్యకు సెలవు" అని తేల్చేశాడు దివాను.

రాజుగారి వెనక తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడే తిప్పమ్మ చెవిన ఆ మాట పడింది. పోలయ్య ఆమెకు అన్న. ముప్పై ఏళ్లుగా ఆ బురుజు తప్ప మరో పని ఎరగడు. గంట ఆగితే అతడి కూడూ పోతుంది, నీళ్ల వంతుల దగ్గర ఊళ్లో తలలూ పగులుతాయి. ఇక ఉండబట్టలేకపోయింది.

"ఒక్క మాట మహారాజా! లడ్డు నేను తింటే దివాను గారికి మిగలదు. దానికి వెల కట్టడం న్యాయమే."

"చూశారా!" అని పొంగిపోయాడు దివాను.

"కషాయం అట్లా కాదు. చేదని, డబ్బు దండగని ఎవరూ తాగరు. ఒకడు తాగి జ్వరం తగ్గించుకుంటే పక్కింటివాడికీ అంటుకోదు. అది ఊరికే ఇచ్చి, బతిమాలి మరీ తాగించాల్సిన సరుకు."

రాజుగారు తలూపారు. ఆ పొద్దున ఆయన చేత కూడా రాణిగారు బతిమాలే తాగించారు.

"మరి గంటో?"

"ముందు దివాను గారు వెల ఇచ్చారేమో కనుక్కోండి ప్రభూ."

సింగరయ్య నవ్వాడు. "నాకెందుకే గంట? నా కడుపే నాకు గంట. మధ్యాహ్నమైతే అదే చెబుతుంది. బురుజు మీది గంట నేను వినను!"

తిప్పమ్మకు లోలోపల నవ్వొచ్చింది. రోజూ మధ్యాహ్నపు గంట మోగగానే సభలో అందరికంటే ముందు ఎవరు లేస్తారో ఆమెకు తెలియనిదా?

"నేనొక చిన్న తప్పు చేయాలి మహారాజా. ముందే మన్నించాలి. అది ఫలించకపోతే మా అన్నతోపాటు నన్నూ వెళ్లగొట్టండి."

ఇలాంటివంటే రాజుగారు చెవి కోసుకుంటారు. సరేనన్నారు. తిప్పమ్మ ఆకులు కడిగి తెస్తానని బయటికి వెళ్లి, కాసేపటికి వచ్చి ఏమీ ఎరగనట్టు నిలబడింది.

బయట ముసురు. మూడు రోజులుగా సూర్యుడి మొహం చూసినవాడు లేడు. సభలో ఏదో పొలం గట్టు తగాదా నడుస్తోంది. దివాను మంచి ఊపులో చేయెత్తి, "కాబట్టి ప్రభూ, ఈ విషయంలో నా అభిప్రాయం..." అంటుండగా బురుజు మీద మధ్యాహ్నపు గంట మోగింది.

ఎత్తిన చేయి దిగిపోయింది. ఉత్తరీయం భుజానికెక్కింది.

"మిగతాది భోజనమయ్యాక మనవి చేసుకుంటాను. ఆకలి దంచేస్తోంది" అంటూ దివాను గుమ్మం దాకా వెళ్లిపోయాడు.

"దివాను గారూ!" అని పిలిచింది తిప్పమ్మ. "మధ్యాహ్నం కావడానికి ఇంకా చాలా పొద్దుంది. ఆ గంట నేను ముందే కొట్టించాను."

దివాను కాలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"మరి మీ కడుపుకేమైందండీ, అది కూడా ముందే కొట్టేసింది?"

సభ ఘొల్లుమంది. రాజుగారు నవ్వలేక కళ్లు తుడుచుకున్నారు. "కొననివాడికి ఉండదన్నావు కదయ్యా సింగరయ్యా! నీ చెవిలోనే అంత గట్టిగా మోగిందే!"

"మోగాక ఎవరి చెవులని మూస్తాం ప్రభూ? ఊరందరికీ వినపడేదాన్ని ఊరందరి పన్నులోంచే నడపాలి" అంది తిప్పమ్మ.

లడ్లకు తప్ప మిగతా రెండింటికీ వెల తీసేశారు. పోలయ్యకు బురుజు ఖాయమైంది. రాజుగారు తన చేతి కడియం తీసి తిప్పమ్మకిచ్చారు. దివాను ఇంకా గుమ్మంలోనే నసుగుతున్నాడు. "మరి... నేను భోజనానికి..."

"కూర్చోండి దివాను గారూ" అంది తిప్పమ్మ. "అసలు గంట మోగుతుంది లెండి. మీకూ ఊరికే వినిపిస్తుంది!"