పప్పు దాకా రాని మాట

జంపయ్య తాతకు సంతకం తప్ప రాత రాదు. అయినా డప్పు నేర్చుకునే పిల్లలు ఏ అనుమానం వచ్చినా ముందు ఆయననే అడిగేవారు. ఆ రోజు వాళ్లలో ఒకడైన ప్రభుదాసు అడిగింది దరువు సంగతి కాదు. తమ బడికి ఇంకా ఎక్కువ పుస్తకాలు, బల్లలు, ఫ్యాన్లు కావాలని ఇంగ్లీషులో రాస్తూ, మూడింటి ముందూ విడివిడిగా 'మోర్' అని పెట్టాడు. మొదట ఒక్కసారి రాస్తే అన్నిటికీ చాలునని సారు రెండు కొట్టేసి, రేపు క్లాసులో నిలబడి తప్పు ఒప్పుకోమన్నాడట.

"ఒప్పుకోవాల్నా తాతా?"

తాత ఎప్పటిదో బోనాల పండుగ సంగతి ఎత్తుకున్నాడు. అంతకు ముందటేడు తిండి సరిగా పెట్టలేదని డప్పులవాళ్లు అలిగితే, ఈసారి మీకు ఎక్కువ అన్నం, పప్పు, కూర అని రాఘవరెడ్డి పటేలు ఊరి ముందర మాటిచ్చాడు. పండుగనాడు అందరూ తిన్నాక ఆఖరి బంతిలో జంపయ్యతో కలిపి డప్పులవాళ్లు ఏడుగురూ కూర్చున్నారు. విస్తట్లో అన్నం గుట్టలా పడింది. పప్పు మాత్రం ఏడుగురికీ కలిపి రెండు గరిటెలు. కూర గిన్నె వాసన చూపించి వెళ్లిపోయింది. అడిగితే పటేలు మీసం కింద నవ్వి, ఎక్కువన్నది అన్నం మాటే కదా అన్నాడు.

జంపయ్య గొడవపడలేదు. మంటకు కాచి బిగించుకున్న డప్పును ఒళ్లోకి తీసుకుని, చెంబెడు నీళ్లు దాని మీద నింపాదిగా పోశాడు. తడిసిన తోలు మోగదు. మిగతా ఆరుగురూ అదే పని చేశారు. అవతల ఆడవాళ్లు బోనాలు నెత్తికెత్తుకుని నిలబడి ఉన్నారు. డప్పు మోగనిదే ఒక్క అడుగూ పడదు, ఎత్తిన బోనం దించనూ కూడదు.

పటేలు ఉరిమాడు. జంపయ్య తలెత్తలేదు.

"నీ ఎక్కువ అన్నం కాడనే ఆగింది పటేలా. పప్పు దాకా, కూర దాకా నడిచి రానీ. అందాక నా తోలు ఆరదు."

మొదటి వరుసలో పటేలు భార్యే ఉంది. ఆమె మెడ వణకడం చూశాక పటేలు తానే గరిటె పట్టుకుని వచ్చాడు. ఏడుగురూ తీరిగ్గా తిని, చేతులు కడుక్కుని, అప్పుడు మంట వేశారు. ఊరేగింపు కదిలింది. పటేలు గడపలో మాత్రం జంపయ్య డప్పు మళ్లీ మోగలేదు, ఆయన శవం లేచిన రోజున కూడా.

మరి సారుకేం చెప్పాలని ప్రభుదాసు అడిగాడు.

తాత డప్పును మంటవైపు తిప్పాడు.

"మూడూ ఉంచు. మీ సారు ఎన్నడూ ఆఖరి బంతిల కూసున్నట్టు లేడు."