రాణి లేచాక

కూర్మదాసుగారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చిడతలు పంచె చెంగుతో తుడుచుకుంటూ "చూద్దాం" అనేవారు. ఆయన దగ్గర హరికథ నేర్చుకుంటున్న నూకరత్నానికీ అదే జవాబు దొరికింది.

ఆమె మొదటిసారి కథకు నిలబడినప్పుడు పద్యం మధ్యలో తడబడి ఆగిపోయింది. ముందు వరసలో ఉన్న అచ్యుతశాస్త్రిగారు ఆ ప్రాంతంలో పేరున్న పండితుడు. అందరూ వినేలా "ఈ పిల్లకి గజ్జెలు దండగ" అన్నారాయన. ఆ మాట పడ్డ నాటినుంచి ఆమె కోడి కూయకముందే లేచి సాధన చేసేది. కునికిపాటు వస్తే శాస్త్రిగారి మొహం తలుచుకునేది, నిద్ర ఎగిరిపోయేది. అలా కథంతా కంఠతా వచ్చింది. ఇక ఆ భయాన్ని దించుకోమ్మా అని గురువుగారు అన్నప్పుడు ఆమె తికమకపడింది.

"భయం వల్లనే కదండీ ఇంత నేర్చుకున్నాను. అది పోతే నన్ను లేపేదెవరు?" అని అడిగింది. దానికే ఆయన "చూద్దాం" అన్నది.

కొన్నాళ్లకు సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో అమ్మవారి జాతరకి ఆమె కథ ఖాయమైంది. ఈసారీ ఆగిపోతే గజ్జెలు విప్పేసి కుట్టుమిషను నేర్చుకోవాలని ఇంట్లో అన్నయ్య తేల్చి చెప్పాడు. వెళ్లి చూస్తే ముందు వరస కుర్చీలో శాస్త్రిగారే ఉన్నారు.

నూకరత్నం ఆయన మీదనుంచి చూపు తిప్పకుండా కథ ఎత్తుకుంది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అడవిలో నిద్రపోతున్న రాణిని వదిలి రాజు వెళ్లిపోయే ఘట్టం నడుస్తోంది. ఇంతలో ఎవరో వచ్చి శాస్త్రిగారి చెవిలో ఏదో చెప్పారు. ఆయన కండువా సర్దుకుని లేచి వెళ్లిపోయారు.

పీడ వదిలిందనుకోవాలి. కానీ ఆమె గజ్జె ఆగిపోయింది. తరవాతి పద్యం ఎంత తడుముకున్నా దొరకలేదు. భయపెట్టే మనిషి పోయాక కథ ఎందుకు పోయిందో ఆమెకు అంతుపట్టలేదు. హార్మోనియం వాయించే అతను పద్యం ఎత్తుగడ మళ్లీ మళ్లీ అందించాడు. వెనక కూర్చున్న గురువుగారి వైపు చూస్తే ఆయన మృదంగం వైపు చూస్తున్నారు. జనం చాపలు చుట్టుకోవడం మొదలుపెట్టారు.

ఒళ్లో పసిపిల్లను జోకొడుతున్న ఒక బెస్తావిడ మాత్రం కదలలేదు. ఖాళీ కుర్చీ పక్కనుంచి అడిగింది. "మరి ఆ రాణి లెగిసి ఏటి సేసిందమ్మా?"

నూకరత్నం ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ నిజంగానే దిగులుపడుతోంది.

"లేచి చూస్తే పక్కన ఎవరూ లేరమ్మా" అని మామూలు మాటల్లోనే చెప్పింది. రాణి చెట్టు చెట్టునూ ఎలా అడిగిందో చెప్పింది. చెబుతూ చెబుతూ ఉండగా మాట పాటలోకి ఒరిగింది, గజ్జె కదిలింది. కొన్ని పద్యాలు జారిపోయాయి, ఒకచోట తాళం తప్పింది. లేచినవాళ్లు మాత్రం ఎక్కడివాళ్లక్కడే కూర్చున్నారు. మంగళహారతి పాడేసరికి ఆ బెస్తావిడ కళ్లు తుడుచుకుంటోంది.

తిరుగు ప్రయాణంలో నూకరత్నం ఆలోచన మరీ చిక్కుపడిపోయింది. శాస్త్రిగారు ఉన్నంతసేపూ ఒక్క తప్పూ రాలేదనీ, ఆయన పోయాకే ఇన్ని తప్పులొచ్చాయనీ, అంటే భయమే నయం కదా అనీ గురువుగారితో అంది. కానీ ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదనీ, ఇందులో ఏది నమ్మాలో తెలియడం లేదనీ కూడా అంది.

ఆయన చిడతలు పంచె చెంగుతో తుడుచుకున్నారు. తరవాత మెల్లగా అన్నారు.

"శాస్త్రిగారికి వేరే పనుందమ్మా, వెళ్లిపోయారు. ఆవిడకి రాణి ఏమైందో కావాలి, కూర్చుంది. ఇక రేపు పొద్దున్న నువ్వు ఎవరికోసం లేస్తావో నన్నడగకు."