పరాంకుశంగారు దులిపిన బూజు

బొబ్బిలిలో పరాంకుశంగారని మహాభక్తులు ఒకాయన ఉండేవారు. తనకు తెలియని వస్తువు ఇంట్లో కనిపిస్తే ఎవరిదని అడగకుండా తీసి పారేసే తొందర ఒక్కటే ఆయనలో లోపం. ఉగాది ముందు ఆయన బూజుకర్ర పట్టారంటే ఇంట్లోవాళ్లు ఎవరి వస్తువులు వాళ్లు దాచుకునేవారు. ఒక ఏడు కుక్కరు వెయిటు కూడా చెత్తబుట్ట పాలైంది.

ఆయన కోడలు గోదాదేవి. ఆ తల్లిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. చూపులేని పిల్లల కోసం పదో తరగతి పాఠాలు పైకి చదివి, ఇంట్లో కంప్యూటర్‌లో రికార్డు చేసి పంపేది. వంటపని ముగిశాక రోజూ ఆమె చేసే పూజ అదే. ఆ ఏడు పక్క వీధిలోని జయవేణి ఆ పాఠాలనే నమ్ముకుని ఉంది. సైన్సు పాఠాలు చదవడం అప్పుడే పూర్తయింది, ఇంకా పంపలేదు. మర్నాడే పరీక్ష.

ఆ ఉదయం పంచాంగం చూద్దామని పరాంకుశంగారు కంప్యూటర్ తెరిచారు. రాత్రి అది తనంతట తానే ఏవో మార్పులు చేసుకుంది కాబోలు, ఎన్నడూ చూడని ఫోల్డర్లు పాలిపోయిన రంగులో, తలాతోకా లేని పేర్లతో వరసగా కనిపించాయి. ఇదీ బూజే అనుకున్నారాయన. నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ ఒకటికి రెండుసార్లు అడిగింది. యంత్రానికున్న ఓపిక మన పరాంకుశంగారికి లేకపోయింది. అవునవునని నొక్కేశారు. కాసేపటికి తెర నల్లబడింది. మళ్లీ వెలగలేదు.

ఆయన దాచలేదు, కోడలిని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశారు. బాగుచేసే అతను వచ్చి చూశాడు. కంప్యూటర్‌ను నడిపించేవే ఆ ఫోల్డర్లనీ, లోపలి పాఠాలు బయటికి తీయడానికి వారం పడుతుందనీ అన్నాడు.

గోదాదేవి ముఖం వాడిపోయింది. అయినా పరుషంగా ఒక్కమాట అనలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని, "నా గొంతొక్కటే సరిపోదు మామయ్యగారూ, మీరూ రండి" అంది. అలాంటి కోడలు ఎందరికి దొరుకుతుంది, మీరే చెప్పండి.

జయవేణి ఇంట్లో చాప వేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి గోదాదేవి గొంతు బొంగురుపోయింది. పరాంకుశంగారు అందుకున్నారు. మూత్రపిండాల పాఠంలో జయవేణి ఆయన్ని ఆపింది.

"తాతగారూ, అక్కడేదో వదిలేశారు."

"ఏదో నోరు తిరగని మాటమ్మా. నాకే తెలియదు, నీకెందుకని దాటేశాను."

"మీకు తెలియకపోతేనేం తాతగారూ, పరీక్ష రాసేది నేను కదా."

గోదాదేవి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. పరాంకుశంగారు కళ్లజోడు సవరించుకుని, కూడబలుక్కుంటూ చదివారు: "గ్లో... మె... రులస్."

"అదేనండీ, రక్తాన్ని వడకట్టేది. క్లాసులో మాస్టారు చెప్పారు. అది లేకపోతే మనిషే లేడట" అంది జయవేణి.

 పొద్దున తాను తుడిచేసింది ఏమిటో పరాంకుశంగారికి అప్పుడు బాగా అర్థమైంది. "స్వామీ, నీ సృష్టిలో నేనెరిగింది ఎంత" అనుకుని, దీపాలు పెట్టేవేళ దాకా ఒక్క అక్షరం దాటకుండా చదివారు. మర్నాడు జయవేణి పరీక్ష చక్కగా రాసింది.

కాబట్టి పిల్లలూ, మనకు తెలియనిదంతా పనికిరానిది కాదు. దేన్నైనా తీసేసే ముందు అది ఎవరికి అవసరమో అడిగి తెలుసుకోవాలి.