దేవుడి కొలువు

మణిసీమ అనే ఒకానొక రాజ్యాన్ని రణభీమదేవుడు ఏలుతుండేవాడు. పేరులో తప్ప ఆయన రణం ఎరుగడు. రోజూ పొద్దున్నే మీసాలతో చేసే యుద్ధమే యుద్ధం.

ఒక పెళ్ళివిందులో పొరుగురాజు ఆ మీసాలను ఉడుత తోకతో పోల్చాడు. పంక్తిలో అందరూ నవ్వారు. రణభీముడు విస్తరి ముందునుంచి లేచి వచ్చేశాడు.

"వాడి రాజ్యంలో పైరంతా తగలబెట్టండి!" అని సభలో ఆజ్ఞ వేశాడు.

విదూషకుడు కొండుభట్టుకు ఈ ఆజ్ఞ నచ్చలేదు. ఉడుత తోకకూ రైతుల కూటికీ సంబంధమేమిటి?

"ప్రభూ, ఎవరి పాపం ఎంతో దేవుడు చూసుకుంటాడు. వదిలెయ్యండి" అన్నాడు.

"దేవుడు ఆలస్యం చేస్తాడోయ్! ఆయన పని నేనే చేస్తాను."

"చిత్తం" అన్నాడు భట్టు.

మర్నాడు తెల్లవారేసరికి పూజారిని ఒప్పించి గుడికి తాళం వేయించాడు. "స్వామివారి కొలువు ప్రభువులవారు స్వీకరించారు. మొర పెట్టుకునేవారు కోటకు పోవలెను" అని దండోరా వేయించాడు.

కోటకు జనం విరగబడ్డారు. ఒకడు వాన కావాలన్నాడు. ఒకామె కొడుకు కావాలంది. ఒక కోడలు, అత్తగారి నోరు పడిపోవాలని మొక్కి, రాజుగారి పాదాల దగ్గరే కొబ్బరికాయ కొట్టింది. నీళ్ళు చిమ్మి పట్టుబట్టలు తడిశాయి.

"ఈ భట్టును ఉరి తీయించండి ప్రభూ!" అన్నాడు సేనాపతి.

అంతలో నాంచారమ్మ అనే ముసలమ్మ ముందుకొచ్చింది.

"అయ్యా, నా చెరకుతోటను ఒకడు ఏనుగులతో తొక్కించాడు. దేవుడున్నాడులే అని ఊరుకున్నాను. ఇప్పుడు ఆ పని తమరిదట కదా, వాణ్ణి శిక్షించండి."

"ఎవడు వాడు? తోలు ఒలిపిస్తాను!"

"తమరే బాబూ. పోయినేడు వేటకు వెళ్తూ."

ఈ మాట భట్టు కూడా ఊహించలేదు. తన మెడ తడుముకున్నాడు.

రాజు ముసలమ్మ వైపు వంగాడు. "మరి నీకు నా మీద పగ లేదా?" అన్నాడు.

"పగ పట్టి కూర్చుంటే చెరకు ఎవరు నాటుతారు బాబూ? తమరి సంగతి ఆయనకు వదిలేసి, నా తోట నేను చూసుకున్నాను."

రాజు తల దించుకున్నాడు. తర్వాత తన అవస్థకు తనకే నవ్వొచ్చి, పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"భట్టూ, ఈ కొలువు నాకొద్దు! మొదటిరోజే నా తోలు నేనే ఒలుచుకోవలసి వచ్చేట్టుంది. గుడి తెరిపించు!"

పైరు తగలబెట్టే మాట అంతటితో సరి. ముసలమ్మకు రెండింతల తోట దక్కింది. రాజు తన ముత్యాలహారం తీసి భట్టు మెడలో వేశాడు.

"నిన్ను ఉరి తీయమన్నాడే సేనాపతి, అతణ్ణి ఏం చేయమంటావు?"

"ఏమీ వద్దు ప్రభూ. స్వామి ఇప్పుడే మళ్ళీ కొలువులో చేరాడు. ఆయనకూ కాస్త పనుండనివ్వండి."